కాకికి రుచి చెప్పిన రోజు

ఊళ్లో అనుకుంటున్నది నిజమే. నేను తాగాను. తాగి మా మామగారిని తిట్టాను. అదీ ఎప్పుడు? ఆయన పెద్దకర్మ రోజున, బంధువులందరి ఎదుట! వేరేవాళ్ల నోట వింటే ఇంకో రెండు గ్లాసులు కలిపి చెబుతారు కనుక, నేనే చెప్పేస్తాను. నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం ఇంకా సగం ఏడుపే వస్తోంది.

నా సంగతి మీకు తెలుసు కదా. శనివారం ఉల్లిపాయ తాకను. రామనామం అనుకోకుండా పొయ్యి వెలిగించను. నా గొంతు పక్కగదిలోకి కూడా వినపడదని, నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మా అత్తయ్య దెప్పుతూనే ఉంది. ఒక్క విషయంలో మాత్రం ఇంట్లో నా మాటకి తిరుగు లేదు. పెద్దలకు పెట్టేటప్పుడు ఎవరి పేర ఆకులో ఏం వెయ్యాలో నన్నే అడుగుతారు. ముత్తాతగారికి నెత్తళ్ల చేపల ఇగురు. మామగారి అక్కకి పనసతొనలు. పసితనంలోనే పోయిన మా పెద్దబావగారికి పంచదార చిలక. నేను కళ్లతో చూడనివాళ్ల ఇష్టాలు కూడా ముసలమ్మల దగ్గర కూర్చుని అడిగి దాచుకున్నాను. మా ఇంట కాకి ముట్టకపోవడమన్నది నేనెరగను.

ఇక మామగారి సంగతి. మంచం పట్టాక ఆయన నాలుక చచ్చిపోయింది. పులుపూ తెలీదు, ఉప్పూ తెలీదు. గంజి తప్ప ఏదీ ఇవ్వొద్దన్నాడు డాక్టరు. అప్పుడాయన ఒక పద్ధతి పెట్టారు. నేను మంచం పక్కన కూర్చుని ఆవకాయన్నం తినాలి. తింటూ ఆయన చెవిలో రుచి చెప్పాలి. చెముడు కదా, చెవికి నోరు ఆనించి చెప్పాలి. "ఆవ ముక్కుకి తగిలింది మావయ్యా. ముక్క కసుక్కుమంది. నూనె కమ్మగా ఉంది" అని నేనంటుంటే, ఆయన కళ్లు మూసుకుని గంజి మింగేవారు. నేను చెప్పకపోతే ఆ గంజీ దిగేది కాదు.

మా చిన్న మరిది అప్పన్న ఓడ మీద కళాసీ. కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు తండ్రి చెవిలో ఒక వింత ఊదాడు. బెల్జియం అనే దేశంలో మఠాల్లో సన్యాసులే బీరు కాస్తారట! నల్లగా, చిక్కగా, మామూలు బీరుకి తాతలా ఉంటుందట! బెల్జియం అంటే మాకు తెలిసింది నిలువుటద్దం ఒక్కటే. మామగారు లేచి కూర్చున్నారు.

"సన్నాసులు కాస్తారా? అయితే తప్పేటుంది? ఈసారి ఒట్టుకురారా. అదైనా నాలిక్కి తెలుస్తాదేమో సూద్దాం."

మద్యనిషేధం వచ్చాక కల్లు ముంత కూడా ముట్టని మనిషి! నాకు బాధేసింది. అయినా ఏమనగలను? ఆనాటి నుంచి రోజూ ఒకటే మాట. "అప్పన్న ఓడ ఎక్కడున్నాదో!"

ఓడ వచ్చింది. ఆయన వెళ్లిపోయాక వచ్చింది. అప్పన్న విశాఖపట్నంలో దిగి, రైలెక్కి, చీపురుపల్లిలో మళ్లీ బండి ఎక్కి ఇంటికొచ్చేసరికి గోడకి ఫొటో ఉంది, ఫొటోకి దండ ఉంది. వాడు సంచి కింద పడేసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

పెద్దకర్మ నాడు మా నూతి దగ్గర ఆకు వేశాం. గారెలు, పాయసం, వంకాయ కూర, ఆయన చుట్ట, అన్నీ నా చేత్తోనే సర్దాను. అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. కాకులు వచ్చాయి. కొబ్బరిచెట్టు మీద వాలాయి. చూశాయి. అంతే! ఒక్కటీ దిగదు.

"పొలం గట్టు తగువు పరిష్కారం చేసుకుంటాం నాన్నా!" అన్నారు మా ఆయన. కదల్లేదు. "ఎర్రావుని అమ్మం!" అన్నారు. ఊహూ. ఎండ నెత్తికెక్కింది. పిల్లలు ఆకలని గోల. వాళ్లు ఏడిస్తే ఏడ్చారు, మా అత్తయ్య సంగతి? కాకి ముట్టేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని ఆవిడ పొద్దున్నే భీష్మించుకుని కూర్చుంది. పెదవులు తెల్లబడిపోయాయి. తల వాలిపోతోంది. ఇంకాసేపు ఇలాగే ఉంటే ఈవిడ కూడా మాకు దక్కదని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు అప్పన్న భోరుమన్నాడు. "నాను తెచ్చింది తాగనేదని అలిగాడు వదినా!" అంటూ ఇంట్లోకి పరిగెత్తి, తడి లుంగీలో చుట్టిన సీసా పట్టుకొచ్చాడు. లావుపాటి నల్ల సీసా. సీసాకి అంటించిన కాగితం మీద గోచీ కాదు, నిండా అంగీ తొడుక్కున్న సన్యాసి బొమ్మ. మూతికి బిరడా, బిరడాకి తీగ. నిషేధం అమల్లో ఉంది, మున్సబుగారు ఎదురుగా ఉన్నారు! ఆయన గబుక్కున అటు తిరిగి, "నాకేటీ కనబడ్డం నేదు. నాను కొబ్బరికాయలు సూస్తన్నాను" అన్నారు.

అప్పన్న ఆ తీగతో కుస్తీ పడుతున్నాడు. ఆలస్యం అవుతోందని ఆ సీసా నేనే లాక్కుని తీగ విప్పాను. రైలు కుదుపులూ బండి కుదుపులూ అన్నీ ఆ సీసాలోనే ఉన్నాయని నాకేం తెలుసు?

ఢాం!

బిరడా ఎటుపోయిందో దేవుడికెరుక. నురగ నా మొహాన, చీర నిండా. కొబ్బరిచెట్టు మీది కాకులు సరే, ఆ చుట్టుపక్కల ఉన్న కాకులన్నీ గోలగోలగా ఎగిరిపోయాయి! ఆకాశం ఖాళీ. అత్తయ్య నా వైపు చూసిన చూపు ఈ జన్మకి మరిచిపోను.

మిగిలినదాంట్లో కొంచెం దొన్నెలో పోసి ఆకు పక్కన పెట్టాం. చాలాసేపటికి ఒక్క కాకి, ఒకే ఒక్కటి, తిరిగొచ్చి నూతి గిలక మీద కూర్చుంది. దిగదు.

అత్తయ్య నీరసంగా నన్ను పిలిచింది. "ఒసే, నువ్వు రుసి సెప్తే గానీ ఆయన ఏదీ తినీవోడు కాదు. తాగి సెప్పు."

"నేనా? పెద్దలకు పెట్టింది ఎంగిలి కాదా అత్తయ్యా?"

"మంచంలో ఉన్నన్నాళ్లూ నీ ఎంగిలి రుసే కదే తిన్నాడు! తాగు!"

ఇత్తడి గ్లాసులో పోశారు. కాఫీ డికాక్షన్లా ఉంది. రామా అనుకుని ఒక గుక్క మింగాను. ముక్కులోంచి పొగలు వచ్చినట్టయింది. "రాగిచోళ్లు వేపిన వాసన ఉంది మావయ్యా" అన్నాను. 

"వినపళ్లేదు!" అన్నారు వెనక నుంచి. నిజమే. ఇన్నాళ్లూ చెవిలో చెప్పాను. ఇప్పుడా చెవి ఎక్కడుంది?

ఇంకో గుక్క. "బెల్లం పాకం మాడినట్టుంది." ఇంకోటి. "ఎండు ఖర్జూరం నానేసినట్టుంది." మాటలు అయిపోయాయి. మాట వెతుక్కోవడానికి ఇంకో గుక్క. "లవంగం... చివర్న కాకరకాయ చేదు..." పొద్దున్నుంచి ఖాళీ కడుపు. చేదు అన్నాక ఆ చేదు పోగొట్టుకోవడానికి మళ్లీ గుక్క. చెవులు వెచ్చబడ్డాయి. నూతి గిలక రెండయింది. రెండు గిలకల మీదా రెండు కాకులు, రెండూ మెడ పక్కకి వాల్చి, అచ్చం మామగారు మందు వద్దన్నప్పుడు చూసినట్టే చూస్తున్నాయి!

ఇక ఆ తర్వాత వినపడిన గొంతు నాదని నేను నమ్మలేదు.

"ఏటి మావా! ఏటా సూపు? పొద్దున్నుంచి అత్త గుక్క నీళ్లు తాగనేదు, కనబడ్డం నేదేటి? బాగున్నాదని నాను సెప్తన్నాను కదా! నీ కొడుకు సముద్రాలు దాటించి తెచ్చినాడు. నువ్వు ఆగలేక ఎల్లిపోయి, ఇప్పుడు మా మీద అలుగుతావేటి? రా! దిగు! తినీసి ఎల్లు మావా... తినీసి ఎల్లు!"

కాకి దిగింది. బుద్ధిగా నడుచుకుంటూ వచ్చి గారె ముక్కున కరుచుకుని పోయింది. దొన్నె వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు!

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. అప్పన్న తల్లి నోటికి నీళ్ల చెంబు అందించాడు. ఆవిడ గడగడా తాగి, నన్ను దగ్గరకి లాక్కుని, నురగంటిన మొహం తన కొంగుతో తుడిచింది. "బతికుండగా ఒక్కపాలి ఇలాగ అరిసుంటే, ఏళకి మందులు మింగీవోడు కదే!" అని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూ ఆవిడ ఒళ్లోనే నిద్రపోయానట. బంధువుల భోజనాలు నేను లేకుండానే జరిగిపోయాయి. గురక కూడా పెట్టానని మా ఆయన అంటారు గానీ, అది నేనొప్పుకోను.

తర్వాత రామతీర్థం వెళ్లి స్వామి ఎదుట చెంపలు వేసుకున్నాను. నియమం తప్పాను, క్షమించమని మొక్కాను. అక్కడితో ఆ మచ్చ పోయిందనుకున్నాను.

మొన్న పొద్దెక్కాక రాజాం నుంచి మా పెద్దాడపడుచు తోడికోడలు రొప్పుకుంటూ వచ్చింది. వాళ్లింట్లో పెద్దాయన కర్మట. కాకి ముట్టడం లేదట. గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆ సీసా ఇంకోటి ఉన్నాదేటి?" అంది.

సిగ్గుతో నేల చూస్తూ లేదని తలాడించాను.

"నేకపోతే నేదులే. నువ్వొచ్చి ఓపాలి తిట్టీ!" అని చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.