దండెం మీద తెల్ల చొక్కాలు

సోమవారం మా వీధిలో ఉతుకు రోజు. బట్టలు నేను ఆరేస్తే, బరువుకు వాలిన తీగను పొడుగు కర్రతో పైకెత్తడం మా ఆయన మాలకీ పని. మొన్న చలికాలంలో ఆయన పోయాక ఆ కర్ర గోడకే ఆనించి ఉంది. నా ఒక్కదాని బట్టలకు తీగ వాలదు. దండెం సగం ఖాళీ. ఆ ఖాళీలోంచే పక్కింటి డింఫ్నా దండెం నాకు బాగా కనిపించడం మొదలైంది.

డింఫ్నా బడి వంటశాలలో పనిచేస్తుంది. పిల్లవాడి ముఖం చూసి, ఎంత ఆకలి మీదున్నాడో పసిగట్టి వడ్డిస్తుంది. ఎవరికీ జంకదు. మేమిద్దరం ఈ వీధికి కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒక అలవాటు పడింది. ఉత్తర ఐర్లండు వాన చెప్పి రాదు కాబట్టి, చినుకు పడితే ఇంట్లో ఎవరుంటే వాళ్లు రెండిళ్ల బట్టలూ తీసేస్తారు.

వాళ్ల దండెం మీద దిండు గలీబుల దాకా అన్నీ ఉంటాయి. కూతురు క్లోడా ఉద్యోగానికి వేసుకెళ్లే బట్టలు మాత్రం ఉండవు. ఆ పిల్ల పన్నుల ఆఫీసులో చేస్తోందన్నారు. మరి ఏం వేసుకుని వెళ్తోంది?

"మీ క్లోడా ఆఫీసు బట్టలు ఎవరు ఉతుకుతారే?" అని గోడ మీంచి అడిగాను.

"దానికి చేతుల్లేవా? పొద్దుపోక నా బట్టలు లెక్కపెడుతున్నావా, రోషీన్?" అంది నవ్వుతూ. నవ్వుతూనే క్లిప్పులన్నీ కింద పారబోసుకుంది.

మరుసటి వారం ఆమె బడిలో ఉండగా వాన పడింది. బట్టలు తీసి వాళ్ల వంటింట్లో పెట్టడానికి వెళ్లాను. వేడినీళ్ల బాయిలరున్న అలమర తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మూడు తెల్ల చొక్కాలు ఆరుతున్నాయి. భుజాల మీద పట్టీలు. దాదాపు అందరూ ప్రొటెస్టెంట్లే ఉన్న పాత పోలీసులవి లేత పచ్చ చొక్కాలు. వాళ్లకీ కాథలిక్కులమైన మాకూ మధ్య ఒప్పందం కుదిరి గొడవలు ఆగాక వచ్చిన కొత్త పోలీసులవి తెల్లవి. నేనొక పట్టీని తడిమి చూస్తుండగా డింఫ్నా వచ్చింది.

"చూశావుగా. ఇక ఊరంతా చాటు."

"పోలీసా?"

"కొత్తగా చేరేవాళ్లలో సగం మంది మన కాథలిక్కులే ఉండాలని రూలు పెట్టారు కదా. చేరింది."

"మా ఇల్లు సోదా చేసి నేల చెక్కలు పీకించింది పోలీసులేనే." ఒక చెక్క ఇప్పటికీ కిర్రుమంటుంది. మాలకీ దాన్ని కావాలనే బిగించలేదు. "పేరు మార్చారు, చొక్కా మార్చారు. లోపలి మనిషి మారాడా?"

"ఈ చొక్కా లోపల ఉండేది నా కూతురు. నీ చేతి అన్నం తిని పెరిగింది. నువ్వే చెప్పు."

"టోపీ మీద బిళ్ల ఎలా ఉంటుందే?" అని అడిగాను. నిజంగానే చూడాలనిపించింది.

తెచ్చి చూపించింది. "రాణి కిరీటం అవతలివాళ్లకి. మూడాకుల కొమ్మ మనకి. వీణ, త్రాసు, దివిటీ, ఆలివ్ కొమ్మ... పెళ్లిలో ఇరువైపుల చుట్టాలూ అలగకుండా వడ్డించినట్టుంది కదూ?"

ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఆమె గొంతు తగ్గించింది. పోలీసుల్లో చేరిన కాథలిక్కుల బండి కింద బాంబు పెట్టేవాళ్లు మనలోనే ఇంకా ఉన్నారు. ఇల్లు దాటేటప్పుడల్లా దాక్కోలేక, క్లోడా అవతలివాళ్లు, ప్రొటెస్టెంట్లు ఉండే ఊళ్లో గది చూసుకుంటోంది. వెళ్తే ఆదివారం భోజనానికి కూడా రాదట.

నేనెవరికీ చెప్పలేదు. అయినా పొక్కింది. మాంసం కొట్టువాడు అందరికీ ఇచ్చాక గాని డింఫ్నా వైపు చూడలేదు.

"ఠాణాకు కూడా పొట్లం కట్టమంటారా, దొరసానీ?" అన్నాడు కొట్టువాడు.

"ఇంటికే కట్టు. ఇద్దరికి. పిల్ల ఇంట్లోనే ఉంటుంది," అంది. నేను ఆమె వెనకే నిలబడ్డాను.

సోమవారం ఆ మూడు చొక్కాలూ దండెం ఎక్కాయి, సందులోకి పట్టీలు కనిపించేలా.

"అమ్మా, తీసెయ్యి!" అంది క్లోడా మేడ కిటికీలోంచి.

"నీ బట్టలు ఎక్కడ ఆరెయ్యాలో నాకు తెలుసు. ఆ పెట్టె సర్దడం ఆపు," అని డింఫ్నా బడికి వెళ్లిపోయింది.

కాసేపటికి చినుకులు మొదలయ్యాయి. అలవాటుగా లేచాను. కాలి కింద చెక్క కిర్రుమంది. పెరట్లోకి వెళ్లేసరికి క్లోడా గుమ్మంలో నిలబడి ఉంది. సందు అవతల ముసలి పాడీ గొడుగు కింద ఆగి చూస్తున్నాడు.

"వాన, రోషీనమ్మా. కనబడట్లేదా?" అన్నాడు పాడీ.

"కనబడుతోంది."

తడిసిన బరువుకు వాళ్ల తీగ వాలింది, చొక్కా అంచులు బురదకు జానెడు ఎత్తులో ఉన్నాయి. మాలకీ కర్ర తెచ్చి తీగను పైకెత్తాను. చొక్కాలు మరింత ఎత్తుకు లేచాయి.

"తీసెయ్యమంటావా?" అని క్లోడాను అడిగాను.

ఆ పిల్ల పాడీ వైపు చూసింది, చొక్కాల వైపు చూసింది.

"ఉండనీ, అత్తా."

టీ పెడతాను రమ్మని ఆ పిల్లను మా ఇంట్లోకి పిలిచాను. నా బట్టలు కూడా తీయలేదు, ఆ చొక్కాలకు తోడుగా ఉండనిచ్చాను.