కొండ దాటాక వేయాల్సిన దండ

నాన్న పోయాడని అమ్మ ఫోన్ చేసేసరికి జెద్దాలో ఇంకా ఎనిమిది కాలేదు. డ్యూటీ ఎక్కి గంటయినా కాలేదు. వార్డులో ఒక పెద్దాయనకు మందులు ఇస్తున్నాను. "మీ నాన్న ఎల్లిపోయాడమ్మా. టీ అడిగాడు. తెచ్చేలోపు ఎల్లిపోయాడు" అంది అమ్మ. నేను "సరే అమ్మా" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలీదు. పెద్దాయన చేత మాత్రలు మింగించి, చార్టులో రాసి, అప్పుడు బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం భీమిలిలో సమాధి చేస్తామన్నారు. పరుగున ఆస్పత్రి ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ మా ఇకామాలు, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డులు, వీసాలు చూసే ఆయన కరీంనగర్ మనిషి. నా పేరు కంప్యూటర్‌లో రెండుసార్లు చూసి, కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"సిస్టర్, మీ ఇకామా రెన్యువల్ల ఉన్నది. అది చేతికి రాకుంటే పోయి రానిచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా సిస్టమ్ తీస్కోదు. మనల్ని పనికి వెట్టుకున్న కఫీల్ సంతకం వెట్టినా గంతే. నేనేం జెయ్యాలె చెప్పున్రి."

"ఎన్ని రోజులు పడుతుందండీ?"

"రెండు దినాలు గావచ్చు, పది గావచ్చు. ఇన్షా అల్లా. సిస్టర్, జర చాయ్ తాగున్రి."

ఆయన మీద అరుద్దామని వెళ్ళినదాన్ని, ఆయన ఇచ్చిన చాయ్ తాగి వచ్చాను. తప్పు ఎవరిదో తెలిస్తే కోపమైనా తెచ్చుకోవచ్చు. అది కూడా లేకుండా పోయింది.

నాన్న గురించి నలుగురికీ చెప్పాలని ఇది రాస్తున్నాను. నాన్న సరుకు ఓడల్లో కళాసీగా చేరి, డెక్కు మీద మనుషులకు పెద్దగా రిటైరయ్యాడు. పుట్టింది హవాయిలో. ఈ మాట చెప్తే మా ఊళ్ళో ఎవరైనా ముందు తమ కాళ్ళకున్న చెప్పుల వైపు చూసుకునేవారు. నాన్న కూడా వాళ్ళతో పాటు నవ్వేవాడు. మా తాత ఓడలో వంటవాడు. హోనొలులు రేవులో జ్వరంతో దిగిపోయి, ఓడ వెళ్ళిపోతే అక్కడే రేవు పనిలో కుదిరి, అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. నాన్నకు ఆరేళ్ళప్పుడు, కొడుకుని భీమిలిలో ఉన్న తన తల్లికి చూపించి తెస్తానని ఓడ ఎక్కించాడు. ఒక్కసారి వెళ్ళి వచ్చేద్దామనే బయల్దేరారు.

రేవులో మా నాయనమ్మ నాన్న మెడలో పూలదండ వేసిందట. దేవగన్నేరు పూలది. ఓడ ఆ రేవు పక్కనున్న కొండ దాటగానే దాన్ని సముద్రంలో వెయ్యమంది. దండ ఒడ్డుకి చేరితే, వేసినవాళ్ళు కూడా ఏదో ఒకరోజు అదే ఒడ్డుకి తిరిగొస్తారని అక్కడివాళ్ళ నమ్మకం. నాకు పన్నెండేళ్ళప్పుడు, భీమిలి ఒడ్డున వలలు ఆరేసిన చోట కూర్చుని నాన్న నాకీ సంగతి చెప్పాడు.

"ఎయ్యలేదు గుంటా" అన్నాడు. "పువ్వులు అమ్మ వాసనొస్తన్నాయి. ఎలా ఏస్తాను? తలగడ కింద దాచీసినాను. నాలుగోరోజుకి కుళ్ళిపోతే మీ తాత తీసి ఇసిరీసినాడు. అప్పటికి సుట్టూ ఒడ్డేదీ?"

భీమిలి చేరిన ఏడాదికే తాత పోయాడు. నాన్నని మేనత్త పెంచింది. కొన్నాళ్ళకు హవాయి నుంచి ఉత్తరం వచ్చింది, నాయనమ్మ కూడా పోయిందని. ఆ తర్వాత నాన్న ముప్ఫై ఏళ్ళు సముద్రాల మీద తిరిగాడు. ఎక్కిన ఓడల్లో ఒక్కటీ హోనొలులు వెళ్ళలేదు. అడిగితే, "దండెయ్యలేదు కదా" అనేవాడు, బస్సు తప్పిపోయింది అన్నంత మామూలుగా.

మా పెరట్లో దేవగన్నేరు చెట్టు నాన్న నాటిందే. సమాధుల దగ్గర ఉండే చెట్టుని ఇంట్లో పెంచుతారా అని చుట్టుపక్కలవాళ్ళు అమ్మని సతాయించేవారు. ఓడ పిలుపు వచ్చిన ప్రతిసారీ నాన్న ఆ పూలు కోసి, సూదితో గుచ్చేవాడు. అమ్మ మల్లెపూలు దారంతో ముడులేసి కట్టేది, నాన్నకి అది నచ్చేది కాదు. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మ మెడలో కూడా దండ వేశాడట, కానీ రెండు కొసలూ కలపకుండా. కడుపుతో ఉన్నవాళ్ళకి కొసలు కట్టేసిన దండ వెయ్యకూడదని మా నాయనమ్మ అనేదట. "బతికున్న మనిషికి దండేటి, ఫోటోకా" అని అమ్మ ఆ రోజంతా మాట్లాడలేదట.

ముడుల విషయంలో మాత్రం నాన్నకి మహా చాదస్తం. నా స్కూలు బూట్ల లేసులు కూడా ఓడ తాళ్ళలాగే కట్టించేవాడు. "ముడెయ్యడం గొప్ప కాదు గుంటా. తడిసినాక ఇప్పడం రావాల" అనేవాడు. వార్డులో ఎవరికైనా కట్టు విప్పేటప్పుడు ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఓడ విశాఖ రేవు వదిలి, డాల్ఫిన్ నోస్ కొండ దాటగానే నాన్న దండ సముద్రంలో వేసేవాడు. మర్నాటి నుంచి నేను భీమిలి ఒడ్డంతా వెతికేదాన్ని. కొబ్బరిచిప్పలు, తెగిన వల ముక్కలు, ఒంటి చెప్పులు దొరికేవి. దండ ఒక్కసారి కూడా దొరకలేదు. ఎనిమిదో తొమ్మిదో నెలలకు నాన్న గుమ్మంలో పెట్టె దించి ముందు అదే అడిగేవాడు, "దొరికిందా?" అని. లేదని తల ఊపేదాన్ని. "అయినా ఒచ్చీసినాను కదా" అని నవ్వేవాడు. నాకు మాత్రం ప్రతిసారీ ఏదో తప్పు చేసినట్టే ఉండేది.

పోయినసారి సెలవులో వెళ్ళినప్పుడు, అమ్మ చర్చికి వెళ్ళిన సమయం చూసి నన్ను పెరట్లోకి పిలిచాడు.

"నేను పోయినాక ఒక దండేసీ. ఈసారి ఎతక్కు. ఎటెల్లిపోతే అటు ఎల్లిపోనీ. మా అమ్మ దగ్గరికి దారి దానికి తెలుస్తాది."

"ఇప్పుడివన్నీ ఎందుకు నాన్నా. బీపీ మాత్ర వేసుకున్నావా?"

"ఏసుకున్నాను. మీ అమ్మకి సెప్పకు. పాస్టరుగారిని పిలిచి నాకు ప్రార్థన పెట్టిస్తాది."

అంతే. నేను మాత్రల డబ్బా తెచ్చి లెక్క చూడటం మొదలుపెట్టాను. వేస్తాను నాన్నా అని ఒక్క మాట అనలేదు. ఎంతమంది చెయ్యి పట్టుకుని వాళ్ళు చెప్పేది వింటానో ఈ వార్డులో, నాన్న చెప్పేటప్పుడు మాత్రం మాత్రలు లెక్కపెట్టాను.

సమాధి చెయ్యడం వీడియో కాల్‌లోనే చూశాను. ఫోన్ మా పిన్ని కొడుకు చేతిలో ఉంది. అమ్మ చెట్టు పూలన్నీ దులిపేసి, ఒళ్ళో పోసుకొచ్చి, పెట్టెలో నాన్న చుట్టూ పేర్చింది. "అమ్మా, ఒక దండకి ఉంచు" అని అరిచాను. అక్కడ అందరూ పాట పాడుతున్నారు. మూత వేసేశారు. ఆ సాయంత్రం అమ్మకి అంతా చెప్పాను.

"నాకెందుకు సెప్పలేదే ఆయన" అంది. "ఒక్క మొగ్గ కూడా లేదమ్మా సెట్టుకి. ఆయన సెట్టు కదాని అన్నీ ఆయనకే పెట్టీసాను."

ఈ రోజుకి పదకొండు రోజులు. ఇకామా రాలేదు. మొన్న శుక్రవారం నా రూమ్మేట్, భీమవరం పిల్ల, నన్ను కార్నిష్‌కి, అంటే ఇక్కడి సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళింది. దారిలో సిగ్నల్ దగ్గర ఫుల్ దండలు అమ్ముతున్నారు. ఫుల్ అంటే ఇక్కడి మల్లె. ఒకటి కొని, ఒడ్డున కూర్చుని దాని ముడులన్నీ విప్పాను. బ్యాగులో తెచ్చుకున్న సూదితో మళ్ళీ గుచ్చాను. దాటడానికి ఇక్కడ కొండ లేదు. రాళ్ళ చివరిదాకా వెళ్ళి విసిరాను.

గాలి సముద్రం మీంచి మా వైపే కొడుతోంది. దండ కాసేపు నీళ్ళ మీద ఊగి, తిన్నగా వచ్చి రాళ్ళకి తగులుకుంది. తీసి మళ్ళీ విసిరాను. మళ్ళీ వచ్చింది.

"ఇంకొంచెం అవతల నుంచి వేద్దాం అక్కా. అక్కడ లోతుంటదేమో" అంది ఆ పిల్ల.

అవతలికి వెళ్ళి, భుజం నొప్పెట్టేలా విసిరాను. అక్కడా అంతే. మూడోసారి ఇక తీయలేదు. అల వెనక్కి లాగినప్పుడు మూరెడు దూరం వెళ్తోంది, మళ్ళీ నా చెప్పుల దగ్గరికే వస్తోంది. వెతకొద్దన్నావు నాన్నా. నేను వెతకలేదు. అదే వస్తోంది.