అంకుల్ పెంచిన నాలుగు గంజాయి మొక్కలు

కెనడాలోని ఒషావాలో నేను అద్దెకున్న బేస్‌మెంట్‌కి ఒకటే కిటికీ. పెరటి నేలకి జానెడు ఎత్తులో ఉండేది. ఆ ఏళ్ళలో మా వీధిలో దాదాపు ప్రతి బేస్‌మెంట్‌లోనూ స్టూడెంట్లే. నేను కాలేజీ పూర్తిచేసి, వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి, వేర్‌హౌస్‌లో పనికి వెళ్తూ ఎదురుచూస్తున్నాను. పొద్దున లేస్తూనే ఫోన్‌లో స్టేటస్ చూడడం, తిన్నాక చూడడం, బస్సులో చూడడం. మే నెలలో ఒకరోజు తల తిప్పేసరికి కిటికీ ముందు నాలుగు నల్లటి గుడ్డ కుండీలు కనిపించాయి.

అవి పైన ఉండే ఇంటివాళ్ళవి. అంకుల్‌ది తెనాలి వైపు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆంటీ నర్సుగా చేసి మానేశారు. ఆవిడకి ఆదివారం చర్చి, బుధవారం ప్రార్థన కూటం తప్పేవి కావు. అంతకుముందు చలికాలంలోనే అంకుల్‌కి క్యాన్సర్ అని తేలింది. కీమో మొదలయ్యాక ఏం తిన్నా ఇమిడేది కాదు.

నేను ఇండియాలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివానని తెలిసి ఆయన మెట్ల దగ్గర పిలిచి ఒక విత్తనాల ప్యాకెట్ చూపించారు.

“అమ్మా, నీది పంటల చదువు కదా. వీటికి మట్టి ఎలా కలపాలో చెప్పు.”

“ఏం విత్తనాలు అంకుల్?”

“గంజాయి,” అన్నారు, వంకాయ అన్నంత మామూలుగా. “ఇక్కడ ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. ఆకలి పుడుతుందేమో చూద్దామన్నాడు డాక్టరు. ఇవి ఆటోఫ్లవర్ అట. ఆటో ఫ్యాక్టరీలో చేసినవాణ్ణి, ఆటోలతో మనకి పాత పరిచయమేగా!”

ఆ రకం గురించి ఆ రోజే చదివాను. మామూలు గంజాయి పగలు తగ్గితేగానీ పూయదు. ఇక్కడ పంట చేతికొచ్చేలోపే మంచు పడుతుంది. ఈ రకానికి పగటి నిడివితో పనిలేదు. మొలిచిన కొన్ని వారాలకి దానంతటదే పూతకొస్తుంది, చలి రాకముందే కోతకొస్తుంది. చదవడానికి ఆసక్తిగానే ఉంది. చేతులే ముందుకు రాలేదు. మా వైపు గంజాయి అంటే పోలీసులు, పట్టుబడ్డ మూటలు, ముఖాలకి ముసుగేసి నిలబెట్టిన కుర్రాళ్ళ ఫొటోలు. నా రూమ్మేట్ ఇంకా భయపెట్టింది.

“పిచ్చా నీకు? రేపు పీఆర్‌కి, పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టినప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్తావ్? లీగల్ అంటే వాళ్ళకే. మనం టెంపరరీ.”

చట్టం అలా చెప్పదని నాకు తెలుసు. అయినా ఆ చివరి మాట నాలో గుచ్చుకుంది. మట్టి ఎలా కలపాలో నోటితో చెప్పానే గానీ కుండీని ముట్టుకోలేదు. ఆయనే మధ్యమధ్య కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ నింపుకున్నారు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

జులైలో జ్వరం వచ్చి అంకుల్‌ని హాస్పిటల్‌లో చేర్చారు. ఆంటీకి ఆ మొక్కలంటే మొదట్నుంచీ గిట్టదు. గోంగూరకీ టమాటాలకీ నీళ్ళు పెట్టి, వీటిని దాటుకుని హాస్పిటల్‌కి వెళ్ళిపోయేవారు. ఎండకి గుడ్డ కుండీలు పూటలో ఆరిపోతాయి. మూడో రోజుకి ఆకులు వేలాడిపోయాయి.

చెప్పులేసుకుని బయటికి వెళ్ళాను. పక్కింటి కిటికీ వైపు చూసి వెనక్కొచ్చేశాను. ఫోన్ చూశాను. స్టేటస్‌లో మార్పేమీ లేదు. మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చాను. మూడోసారి పైపు అందుకుని, నాలుగు కుండీలకీ అడుగునుంచి కారేదాకా నీళ్ళు పట్టాను. సాయంత్రానికి ఆకులు లేచి నిలబడ్డాయి. ఇక రోజూ పట్టాను.

పూత వచ్చింది, వాసనా వచ్చింది. ఒక శనివారం అంకుల్ కోసం ప్రార్థన చేయడానికి చర్చివాళ్ళు వచ్చారు. ఇంట్లో ఉక్కగా ఉందని ఆంటీ పెరట్లోనే కుర్చీలు వేయించారు. ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన ముక్కు ఎగబీల్చి, “ఏంటమ్మా ఈ వాసన? పక్కింటివాళ్ళా?” అన్నారు.

నేను టీ ట్రేతో అక్కడే ఉన్నాను. పారిపోవాలనిపించింది.

“పక్కింటివాళ్ళు కాదండీ,” అన్నారు ఆంటీ. “మా ఆయన మొక్కలే. గంజాయి. అన్నం ఇమడక మనిషి సగమైపోయారు. నేను డ్యూటీలో ఎంతమందికి నొప్పికి మార్ఫిన్ ఇచ్చానో, అదీ మత్తుమందే! అప్పుడెవరూ నన్ను ఏమీ అడగలేదు.”

ఆ పెద్దాయన కప్పు అందుకుని, “ఇందులో పంచదార వేశావా అమ్మా?” అని నన్నడిగారు.

వాళ్ళు వెళ్ళాక ఆంటీ కుర్చీలు మడుస్తూ అన్నారు. “నీళ్ళు నువ్వే పోస్తున్నావని తెలుసు. వాటిని చూస్తే నాకు కోపమొచ్చేది. ఆయనకి జబ్బని రోజూ గుర్తుచేస్తున్నట్టుండేవి.”

ఆగస్టులో అంకుల్ ఇంటికొచ్చారు. వెంటనే ముసురు పట్టింది. నాలుగో రోజు పెద్ద మొక్క పూగుత్తిలో ఒక ఆకు పసుపుగా కనిపించింది. లాగితే ఊడి చేతికొచ్చింది. లోపల బూడిద రంగు బూజు.

“పక్కదానికీ పాకింది అంకుల్. రెండూ తీసేయాలి. మిగిలినవి ఈ రోజే కోసేయాలి.”

“ఇంకో వారం ఉంచమని ప్యాకెట్ మీద ఉందే.”

“ప్యాకెట్‌కి వాన సంగతి తెలీదు కదా.”

“పోనీ, బూజు తీసేసి వాడితే?”

“వద్దంకుల్. కీమోలో ఉన్నారు. ఆ బూజు మీ ఒంట్లోకి వెళ్ళకూడదు.”

ఆయన కత్తెర నా చేతికిచ్చారు. ఈ దేశానికి వచ్చాక నా చదువుని నమ్మి ఒకరు నా మాట విన్నది అదే మొదటిసారి.

మిగిలిన రెండింటినీ గరాజ్‌లో వేలాడదీసి ఆరబెట్టాం. డాక్టర్‌ని అడిగి ఆంటీయే నూనెలో కాచి, చుక్కలుగా ఇచ్చేవారు. మొదటి రోజు ఆయనకి తల తిరిగి మధ్యాహ్నమంతా పడుకున్నారు. ఆంటీ మోతాదు తగ్గించారు. నాలుగో రోజు అంకులే పప్పుచారు కావాలన్నారు. అరకంచం అన్నం తిన్నారు, అది ఇమిడింది. అన్ని రోజులూ అలా లేవు. కొన్నిసార్లు చుక్కలూ పనిచేయలేదు, పప్పుచారూ నిలవలేదు.

అక్టోబర్‌లో నా పర్మిట్ వచ్చింది. సంతోషం ఒక పూట ఉంది. మర్నాటి నుంచి పీఆర్ పాయింట్ల లెక్క పట్టుకుంది. చలికాలం వచ్చేలోపు దేశానికి అవతలి కొసన సర్రీ దగ్గర ఒక మొక్కల నర్సరీలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాను.

అంకుల్ ఇంకో రెండు వేసవులు ఉన్నారు. ఆంటీ ఫోన్ చేసినప్పుడల్లా ఆయన ఆ రోజు ఏం తిన్నారో ముందు చెప్పి, నేనెలా ఉన్నానో తర్వాత అడిగేవారు.