శౌరి దాచిన కాగితాలు

దుర్గిలో మా రాతిపని షెడ్డుకు శౌరి వచ్చి తొమ్మిదేళ్ళు. శిలాఫలకాల మీద అక్షరాలు చెక్కడంలో వాడికి సాటి లేదు. అయినా నాకు అనుమానమే. ఎవరన్నా నోటితో చెబితే ఉలి ముట్టడు. నా చేత కాగితం మీద రాయించుకుని, ఇంటికి పట్టుకెళ్ళి, మర్నాడు మొదలుపెడతాడు. టీకొట్లో పేపరిస్తే కళ్ళజోడు మరిచానంటాడు. వాడికి అసలు కళ్ళజోడే లేదు. నా కాగితాలు పక్క షెడ్డుకు చేరవేస్తున్నాడేమోనని రెండుసార్లు వాడి సంచీ కూడా తడిమాను.

మొన్న పెదకూరపాడు వైపు నుంచి ఒక సర్పంచి ఫోన్ చేసింది. "శంకుస్థాపనలో క బదులు ఖ కొట్టారు బాబాయ్. అందరిలో నవ్వులపాలయ్యాం."

నాకు ఒళ్ళు మండింది. వీణ్ణి ఇవాళే పనిలోంచి తీసెయ్యాలని వాడి ఇంటికి పోయాను. శౌరి కూతురు ఏంజెల్, నేను ఆ పొద్దున రాసిచ్చిన కాగితం మీద వేలు పెట్టి మెల్లగా చదువుతోంది. శౌరి ఒక్కో అక్షరం ఇసుకలో దిద్దుతున్నాడు. దొరికాడనుకున్నాను.

"ఏంది శౌరీ, చదవడం రాదా నీకు? ఇన్నేళ్ళూ నన్ను ఎర్రోణ్ణి చేశావా?"

"పనిలోంచి తీసెయ్యమాకన్నా" అన్నాడు.

ఏంజెల్ లేచింది. "అక్షరాలు విడిగా అయితే నాన్న గుర్తుపడతాడు పెదనాన్నా. పదంగా కలిపి చదవాలంటే చానాసేపు పడుద్ది. నాకూ అంతే. డిస్లెక్సియా అంటారంట. బద్ధకం కాదు, తెలివితక్కువా కాదు అని మా టీచర్ చెప్పింది. నాకు పరీక్షలో ఎక్కువ టైం ఇప్పిస్తది. ఇసుకలో దిద్దడం ఆమే నేర్పింది, నేను నాన్నకి నేర్పా. అంతకుముందు అమ్మ చదివిపెట్టేది."

"మరి ఆ ఖ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

శౌరి ట్రంకుపెట్టెలోంచి కాగితాల కట్ట తీశాడు. పైనున్న కాగితం నా ముందు పెట్టాడు. శంఖుస్థాపన. రాత నాది.

"నువ్వు నన్ను నమ్మవని తెలుసన్నా. ఎప్పుడన్నా తప్పంటే చూపిద్దామని అన్నీ దాచా. నువ్వు రాసిందాంట్లో గీత కూడా మార్చను."

కట్ట తిరగేశాను. గురజాల, మాచర్ల, పిడుగురాళ్ల, అన్నిచోట్లా నా ఖ రాతి మీద నిలబడి ఉంది. సిగ్గేసింది.

"రేపు రమ్మంటావా అన్నా?"

రమ్మన్నాను. తర్వాత ఏంజెల్ పక్కన కూర్చుని, నేను రాసిన కొత్త కాగితాన్ని ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాను. మూడో వరసలో మళ్ళీ ఖ రాసి ఉంది.