పాలు పడ్డాక

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో, తొలి కాన్పుకు పులివెందుల నుంచి ప్రొద్దుటూరులో మా అమ్మ దగ్గరికి వచ్చాను. మగబిడ్డ పుట్టాడు. ఆ సాయంత్రానికే పోయాడు. మా నాన్న గుడ్డలో చుట్టి పెన్న వైపు తీసుకెళ్లాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మూడో నాడు పాలు పడ్డాయి. బిడ్డ లేడన్న సంగతి ఒంటికి తెలియలేదు. రొమ్ములు గట్టిపడి, చెయ్యి ఎత్తితే ప్రాణం పోయేటంత సలుపు. అమ్మ మల్లెపూలు తెచ్చి రొమ్ముల మీద పరిచి, పాతచీర పేలికతో బిగించి కట్టింది. అలా కడితే పాలు ఇంకిపోతాయని మా వైపు నమ్మకం.

ఆ మధ్యాహ్నమే పక్కింటి చిన్నమ్మ వచ్చింది. వాళ్లు పరుపులు కుట్టే ముసల్మానులు. ఆమె కోడలు నా వెనకాలే కనింది. చిన్నమ్మ ఆ పసివాణ్ని ఎత్తుకొని గడప బయటే నిలబడింది.

"అక్కా, అడగరానిది అడుగుతాండా. కోడలికి ఇంకా పాలు పడలా. మేకపాలు తాపితే కక్కుతాండాడు. ఏడ్చే ఓపిక కూడా లేదు వీనికి."

అమ్మ నా వైపు చూసింది. నేను ఆలోచించే లోపే ఆ బిడ్డ సన్నగా మూలిగాడు. కట్టు కింది నుంచి పాలు కారి పొట్ట మీదికి వచ్చాయి.

"ఇట్లియ్యి చిన్నమ్మా" అన్నాను. అమ్మే వచ్చి కట్టు విప్పింది.

మొదట వాడికి పట్టు దొరకలేదు. దొరికాక వదల్లేదు. చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "పాలిచ్చినావు. మాలో నువ్వు వీనికి తల్లివే పాపా" అంది. ఆ మాటను నేను ఆమె అనుకున్నదానికంటే గట్టిగా పట్టుకున్నాను.

కొన్నాళ్లు పొద్దునా మాపూ తెచ్చేది. ఒకరోజు రాలేదు. అమ్మను పంపాను.

"కోడలికి పాలు పడినాయంట. ఇంక మనం పిలవకూడదు" అంది అమ్మ తిరిగొచ్చి.

సంతోషించాల్సిన మాటే. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. గోడ అవతల వాడు ఏడ్చినప్పుడల్లా నా రవికె తడిసేది. వాడు మాత్రం వెంటనే ఊరుకునేవాడు. అమ్మ మళ్లీ పూలు కట్టింది.

నన్ను తీసుకెళ్లడానికి మా ఆయన వచ్చిన రోజు, ఒక్కసారి బిడ్డను చూసొస్తానని అడిగాను. "వద్దులేమ్మా, ఆ బాలింతరాలి మనసుకు ఎట్లుంటాదో ఏమో" అంది అమ్మ. నేను బస్సెక్కేశాను.

రెండో కాన్పుకు వచ్చేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు.

"బళ్లారి పోయినారు. పోయే ముందు చిన్నమ్మ పిల్లోణ్ని ఎత్తుకొచ్చె, నీకు చూపియ్యాలని. నువ్వు ఈడ యాడుంటివి?" అంది అమ్మ.

తర్వాత ఇద్దరు ఆడపిల్లలను కన్నాను. పాలకు ఎప్పుడూ లోటు రాలేదు. తొలిచూలు బిడ్డను తలుచుకుందామంటే మాత్రం పక్కింటి పసివాడి ముఖమే కనిపిస్తుంది. నా బిడ్డను నేను సరిగ్గా చూసిందే లేదు. బస్సెక్కిన రోజు అమ్మ మాట విననట్టే ఉండి, ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లి రావాల్సింది.