తిరుపాలన్న చెవి

మా ఆదోనిలో స్పీకర్ల పిచ్చి పట్టినవాళ్ళం పద్నాలుగు మందిమి ఉన్నాం. అందులో నేనొకణ్ణి. పేరు మహేంద్ర, మోటార్లకు వైండింగ్ కట్టే అంగడి నాది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించితే అదే మా సభ. ఒకడు జపాన్ కంపెనీని మించింది లేదంటాడు. ఇంకొకడు జర్మనీ అంటాడు. ఆంజనేయులని బ్యాంకులో పనిచేసే మనిషి ఒకడున్నాడు, ఇంటర్నెట్లో ఎవడో దొర రాసిన రివ్యూ చదువుకొచ్చి తన సొంత బుర్రలో పుట్టినట్టు ఒప్పజెప్తాడు. వాదన ముదిరి చొక్కాలు పట్టుకునే దాకా పోతుంది. అంతలో టీ వస్తుంది. తాగి మళ్ళీ మొదలుపెడతాం. "ఇన్నేండ్లుగా కొట్లాడుకుంటాండారే, ఒగ పాటన్నా పూర్తిగా ఇన్న్యారా?" అని మా ఆవిడ అడుగుతుంది. నేను షట్టరు ఇంకాస్త దించుతాను.

ఎంత కొట్లాడుకున్నా ఆఖరి మాట తిరుపాలన్నదే. ఆయనది చిప్పగిరి దగ్గర పల్లె. పద్దెనిమిదో ఏట ఆదోని వచ్చి జిన్నింగ్ మిల్లులో చేరి, ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేశాడు. పత్తిలోంచి గింజ తీసే ఆ మిషన్ల మధ్య మనిషికీ మనిషికీ సైగలే తప్ప మాటలుండవు. అంత రొదలోనూ ఏ మిషనుకు బేరింగు అరిగిందో గుమ్మంలో నిలబడి చెప్పేవాడట. సాయంత్రం ఇంటికొచ్చి పాత రేడియోలు విప్పి స్పీకర్లు పీకేవాడు. పెళ్ళైన కొత్తలో, హులిగెమ్మక్క పుట్టింటి నుంచి తెచ్చుకున్న టేకు పెట్టె మూత కోసి స్పీకరు డబ్బా చేశాడు. ఆ మూత సంగతి అక్క ఇప్పటికీ మర్చిపోలేదు, మమ్మల్నీ మర్చిపోనివ్వదు.

ఆయన తీర్పు చెప్పే పద్ధతే వేరు. కుర్చీని స్పీకర్లకు వీపు పెట్టి వేసుకుంటాడు. "సూస్తే కన్ను ఇంటాదిరా, చెవు ఇనదు" అంటాడు. కళ్ళు మూసుకుంటాడు. ఇక పాట అయ్యేదాకా మిద్దె కూలినా వెనక్కి తిరగడు. తర్వాత చెప్పేది వంట భాషలో. లోతైన శబ్దం సంగటి, మనిషి గొంతు పప్పు. తాళాలు, గజ్జెలు, వీణ మీద గోరు తగిలిన చప్పుడు, ఇలాంటి సన్న శబ్దాలన్నీ పోపు. "సంగటి ముద్ద కుదిరింది, పోపు మాడింది" అన్నాడంటే ఆ స్పీకరు కథ అయిపోయినట్టే. ఆ మాటల్ని ఫోన్లో రికార్డు చేసి మా వాట్సాప్ గ్రూపులో పెడతాడు. బళ్ళారి దాకా మూడు వందల మంది వింటారు. మా వాదనలకు రాని విలువ ఆ రెండు నిమిషాలకు వస్తుంది.

ఒక్క చిత్రం మాత్రం ఉండేది. ఆయనింట్లో పాట వింటే మాకు చెవులు గుయ్యిమనేవి. సన్న శబ్దం పెంచే మీట ఏడాదికి కాస్త జరుగుతూ జరుగుతూ చివరంటా పోయి ఆగింది. పెద్దాయన రుచి అదేమో అనుకున్నాం. నోరెత్తి అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు.

పోయిన ఏడాది ఎండలు మొదలైనప్పుడు యెమ్మిగనూరు నుంచి మహేశ్వర్ వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, మగ్గం నేసే ఇంటి పిల్లవాడు. తండ్రి మగ్గం ఆపేశాక ఆ కొట్టంలోనే చెక్క కోసి స్పీకరు డబ్బాలు చెయ్యడం మొదలుపెట్టాడు. జత డబ్బాల్ని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒకటి ఒళ్ళో, ఇంకొకటి కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాడు. గూడూరు నుంచీ కర్నూలు నుంచీ ఆరుగురు చేయించుకుంటామన్నారట, తిరుపాలన్న ఏమంటాడో విన్నాకే. "మీ నోటి నుంచి ఒగ మంచి మాట వస్తే సాలన్నా, నేను నిలబడతా" అన్నాడు దండం పెట్టి.

తిరుపాలన్న వీపు తిప్పి కూర్చున్నాడు. మూడు పాటలు విన్నాడు. కళ్ళు తెరిచి, "పనితనం ఉండాదప్పా. సంగటి బాగుండాది, పప్పు బాగుండాది. పోపే పడలా. పోపు ఎయ్యని పప్పు ఇది" అన్నాడు.

నిజం చెప్తున్నాను, నాకు ఆ రోజు అన్నీ వినిపించాయి. తాళం తాళంలా మోగింది. పాడే ఆమె ఊపిరి పీల్చుకోవడం కూడా తెలిసింది. అయినా తల ఊపాను. ఆంజనేయులు నాకంటే ముందే ఊపాడు. ఆయన తందానా అంటే మేమంతా తాన తందనానా. ఆ మాట గ్రూపులోకి పోయింది. ఆరుగురూ వద్దన్నారు. "ఏమప్పా పోపు లేని పప్పూ" అని పిల్లవాణ్ణి ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు. మహేశ్వర్, "సరిచేసుకుంటానన్నా" అని ఒక ముక్క రాసి ఊరుకున్నాడు.

రెండు నెలల తర్వాత తిరుపాలన్న కూతురు పల్లవి మద్దికెర నుంచి వచ్చింది. మనవరాలు గౌరికి రెండున్నరేళ్ళు. తాత వెండి అంగడికి పోయి గజ్జెల పట్టీలు తెచ్చాడు. ఆదివారం పొద్దున బొరుగుల ఉగ్గాని తిందువు రమ్మని పిలిస్తే పోయాను. అన్న గుమ్మం వైపు తిరిగి కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన వెనకాల పాప ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగులు. ఇల్లంతా ఘల్లుఘల్లుమంటోంది.

"ఏమ్మా పల్లవీ, పాపకు గజ్జెలు పెట్టలేదా? ఎప్పుడు పెడతావు, పెద్దదయ్యినాకా?" అన్నాడు పేపరు దించకుండా.

నా నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. పల్లవి వాళ్ళమ్మ వైపు చూసింది. హులిగెమ్మక్క వంటింట్లోంచి వచ్చి, పాపను ఎత్తి ఆయన ఎదుట దించింది. ఆయన ఆ చిన్న పాదాలు చూశాడు. పాప గట్టిగా గంతేసింది. ఆయన కళ్ళు గజ్జెల మీదే ఉన్నాయి. మొహం మాత్రం, కరెంటు పోయిన అంగట్లో మనిషిలా అయిపోయింది.

"రెండేండ్లయ్యింది, కుక్కరు కూత ఇనపడ్లా నీకు" అంది అక్క మెల్లగా. "సెప్తే నొచ్చుకుంటావని ఊరుకున్న్యా."

మర్నాడు నేనే చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. తలకు హెడ్‌ఫోన్లు పెట్టి, వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. నొక్కుతూ నొక్కుతూ ఒకచోట ఆయన వేలు ఆగిపోయింది. లోపల శబ్దం వస్తూనే ఉందని డాక్టరమ్మ ముందున్న లైటు చెప్తోంది. వేలు మాత్రం కదలలేదు. తర్వాత ఆమె కాగితం మీద గీత చూపించి, విడమరిచి చెప్పబోయింది.

"నాకు సెప్పొద్దమ్మా, ఇట్లాంటి గీతలు శానా సూసినా" అన్నాడు తిరుపాలన్న. ప్రతి స్పీకరుకూ ఇలాంటి గీతే ఉంటుంది మరి, ఏ శబ్దం ఎంత పలుకుతుందో చెప్పే గీత. "ఈడి దాకా బాగుండాది. ఈడ పడిపోయినాది. దీంట్లో ట్వీటరు కాలిపోయిందమ్మా."

ట్వీటరంటే స్పీకరు డబ్బాలో సన్న శబ్దం పలికే చిన్న ముక్క. డాక్టరమ్మకు అర్థమై నవ్వింది. ఆయనా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మిల్లులో పనిచేశారా అని ఆమె అడిగింది, ఎన్నేళ్ళని అడిగింది. ఒక్కరోజులో పోయింది కాదు, పదేళ్ళుగా కొంచెం కొంచెం పోయి ఉంటుంది, చెవికి మిషను పెట్టుకోండి అంది.

ఇంటికొచ్చాక ఆయన అడిగిన మొదటి మాట మిషను గురించి కాదు. "మహేంద్రా, ఆ పిల్లోని డబ్బాల్లో పోపు ఉన్న్యాదా?"

నేను నేల చూశాను. "ఉన్న్యాదన్నా."

"నీకు ఇనపడిందా?"

"ఇనపడింది."

"మరి ఏమిటికి సెప్పలేదురా?"

ఏం చెప్పను? నువ్వు లేదన్నాక నా చెవిని నేనే నమ్మలేదన్నా అని చెప్పనా? గొర్రెకైనా కొంచెం తెలివి ఉంటుంది. పోనీ అక్కడన్నా ఊరుకున్నానా, తెలివైన సలహా ఒకటి ఇచ్చాను. "ఎవురికీ తెలీదు కదన్నా. ఆ రోజు వైరు లూజుగా ఉన్న్యాదని పెడదాం గ్రూపులో. పిల్లోనికీ మంచిది, నీకూ మంచిది. నీ చెవు పోయిందంటే ఇంగ నీ మాట ఎవురు ఇంటారు?"

ఆయన వెంటనే కాదనలేదు. అది చూసి నాకు భయం వేసింది. ముప్పై ఏళ్ళుగా ఆయనకున్న ఆస్తి ఆ చెవి ఒక్కటే. మిల్లులో పేరూ దానివల్లే, ఊళ్ళో పేరూ దానివల్లే. మీట దగ్గరికి పోయి, చివరంటా జరిగి ఉన్న దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

హులిగెమ్మక్క కాఫీ గ్లాసులు నా ముందు ఠక్కున పెట్టింది. "వైరు లూజంట వైరు! లూజయింది మీ బుద్ధి. నా పెట్టె మూత కోసినాడు, నేను ఓర్చుకున్న్యా. ఆ పిల్లోని నోటికాడ కూడు తీస్తే ఎవురు ఓర్చుకుంటారు?" అని ఆయన వైపు తిరిగింది. "పో సామీ, పొయ్యి నీ నోటితోనే సెప్పిరా."

మర్నాడు పొద్దున్నే యెమ్మిగనూరు బస్సెక్కాం. ఆయన చొక్కా జేబులో ఆ కాగితం మడిచి ఉంది.

మహేశ్వర్ కొట్టంలో మా కోసమే పరిచినట్టు ఆ డబ్బాలు విప్పి ఉన్నాయి. ట్వీటర్లు నాలుగు రకాలు బల్ల మీద పడున్నాయి. పిల్లవాడు చిక్కిపోయాడు. కుర్చీ తుడిచి వేసి, "మూడు సార్లు మార్చినా అన్నా" అన్నాడు. "మీరు సెప్పిన లోపం నాకు దొరకలా. ఎంత ఇన్నా అన్నీ బాగుండాయనే అనిపిస్తాది. నా చెవులే సరిగ్గా లేవేమో అనుకున్న్యా. చెవు లేనోనికి ఈ పని ఏమిటికిలే అని బెంగుళూరులో ఏదో కంపెనీలో సెక్యూరిటీ పనికి మాట్లాడుకున్న్యా. సోమవారం పోవల్ల."

తిరుపాలన్న కూర్చోలేదు. జేబులోంచి కాగితం తీసి, ట్వీటర్లను పక్కకు జరిపి, బల్ల మీద పరిచాడు. "ఈ గీత సదువు."

మహేశ్వర్ వంగి చూశాడు. "ఏ కంపెనీదన్నా ఇది? సన్న శబ్దం మొత్తం పోయింది కదా."

"నాది" అన్నాడు తిరుపాలన్న. "నా చెవుది. నీ డబ్బా మంచిదప్పా. నీ చెవు మంచిది. పోయింది నాది."

పిల్లవాడి చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. తలెత్తలేదు. ఒక కన్నీటి చుక్క గీత మీద పడితే గబగబా మోచేత్తో తుడిచాడు, కాగితం పాడవుతుందని. తిరుపాలన్న ఫోను తీసి, వాడి ఎదుటే రికార్డు నొక్కాడు.

"అందరికీ నమస్కారం. తిరుపాల్ మాట్లాడతాండా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇనలేక నేను మహేశ్వర్ డబ్బాను ఓడన్న్యా. నాకు సన్న శబ్దం ఇనపడదు, డాక్టరు రాసిచ్చిన కాగితం ఫోటో పెడతాండా, సూడండి. ఆ పప్పులో పోపు ఉండాది. రుచి పోయింది నా నాలికకు. నా మాట ఇని వద్దన్నోళ్ళు మళ్ళా పొయ్యి మీ చెవులతో ఇనండి. ఇంగ నేను తీర్పులు సెప్పను. తప్పయింది."

పంపించాడు. నాకు సిగ్గేసి, నా ఫోను తీసి ఆయన మాటల కింద, "నాకు ఆ రోజే బాగా వినిపించింది, నోరు మూసుకున్నాను" అని రాశాను. కాసేపటికి ఆంజనేయులు, "నాకు కూడా" అన్నాడు. తర్వాత వరసగా ఇంకో నలుగురు. ఇంతమందికి వినిపించిందా! మా మొహాలు మండ!

ఇదేమీ మహేశ్వర్ చూడటం లేదు. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచాడు. గీత ఎక్కడెక్కడ ఎంత పడిందో, అక్కడక్కడ శబ్దాన్ని అంత పైకి లేపుతున్నాడు. "అన్నా, మీ చెవుకు తగినట్టు సేస్తాండా. ఏం పాట ఇంటారు?"

తిరుపాలన్నకు వెయ్యి పాటలు తెలుసు. వాటిలో ఒక్కటీ అడగలేదు.

"మా గౌరి గజ్జెలు" అన్నాడు.

పల్లవికి ఫోను చేశాను. వాట్సాప్‌లో వాయిస్ రికార్డు చేస్తే అది సన్న శబ్దమంతా కోసేస్తుంది, వీడియో తియ్యమని మహేశ్వర్ పక్కనుంచి చెప్పాడు. పది నిమిషాల్లో వచ్చింది. తిరుపాలన్న అలవాటు ప్రకారం కుర్చీని స్పీకర్లకు వీపు పెట్టి వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

అమ్మో, ఆ శబ్దం! చెవుల్లో మేకులు దిగినట్టయింది నాకు. రెండు వేళ్ళూ చెవుల్లో పెట్టుకున్నాను. మహేశ్వర్ వాళ్ళమ్మ చెవులు మూసుకుని ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

తిరుపాలన్న మొదట కదల్లేదు. తర్వాత, పాట అయ్యేదాకా ఏనాడూ వెనక్కి తిరగని ఆ మనిషి గిరుక్కున తిరిగాడు. వంగి, రెండు చేతులూ చాచి, మోకాలెత్తున పాప కోసం వెతికాడు. డబ్బాలు రెండూ కనిపించాక చేతులు దించుకుని, తడి కళ్ళతో మా వైపు చూసి నవ్వాడు.

"ఇంగోసారి పెట్టప్పా" అన్నాడు.

మేమందరం చెవులు మూసుకున్నాం. మహేశ్వర్ ఇంకోసారి పెట్టాడు.