మా వదిన ప్రూఫు బడి

మా వదిన చనిపోయి రెండు వారాలు దాటింది. జ్వరమని పడుకుంది. కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. పెద్దకర్మకు కార్డు వేయాలని మా నాన్న ఒక కాగితం రాసిచ్చారు. అందులో ఆమె ఫలానా వారి కోడలు, ఫలానా వారి ధర్మపత్ని. ఆమె ఏం పని చేసేదో మాత్రం లేదు. నేను ఎర్ర పెన్సిలు తీసుకుని పేరు పక్కన "ప్రూఫ్‌రీడరు" అని చేర్చాను. నాన్న కొట్టేశారు. నేను మళ్ళీ చేర్చాను. కార్డు నేను చేర్చినట్టే అచ్చయింది, ఎందుకంటే కంపోజింగు చేసిన అమ్మాయి మా వదిన దగ్గర నేర్చుకున్న మనిషే.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆమె చేతి పులిహోరను తలుచుకున్నారు. బంగారం లాంటి కోడలన్నారు. పులిహోర బాగానే చేసేది, కాదనను. కానీ ఆమె పులిహోర కోసం బతకలేదు. ఆ మాట వాళ్ళ ముందు అనలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే.

హోసూరులో మాది చిన్న ప్రెస్సు. కాలితో తొక్కే మిషను ఒకటి, తెలుగు, అరవ, కన్నడ అచ్చులు. పెళ్ళి కార్డులు, సినిమా నోటీసులు, అంగళ్ళ బిల్లు పుస్తకాలు, ఇదే మా పని. మిషను మా అన్న చూసేవాడు. కృష్ణగిరి నుంచి కోడలుగా వచ్చిన వదిన, వంటిల్లు సర్దుకున్నాక ప్రూఫులు చూసేది, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దేది. దాన్ని ఎవరూ పని అనేవాళ్ళు కాదు. "కోడలు కాస్త చూసి పెడతాదిలే" అనేవారు నాన్న.

నా భర్త పోయి నేను పుట్టింటికి వచ్చినప్పుడు, నన్ను మూలన కూర్చోనివ్వనిది ఆమె ఒక్కతే. నా చేతిలో రాతప్రతి పెట్టి ఎదురుగా ప్రూఫు పట్టుకుని కూర్చునేది. "ఏమ్మే, నువ్వు గట్టిగా చదువు, నేను చూస్తా. ఏడుపొస్తే కామా దగ్గర ఆపుకో" అంది మొదటి రోజే. నాకు ఆ ఇంట్లో నవ్వు వచ్చింది ఆ రోజే. అప్పటినుంచి నేను చదివేదాన్ని, ఆమె చూసేది. మా ఇద్దరి మధ్య అంతకంటే పెద్ద బంధుత్వం ఏమీ లేదు, అవసరం కూడా రాలేదు.

ఇక మా పక్క ఊరు తళిలో జరిగిన పెళ్ళి సంగతి చెప్పాలి. మా ప్రెస్సులో ఒక అలవాటు ఉండేది. ఒక పెళ్ళి కార్డు అచ్చయ్యాక దాని అక్షరాలు విప్పకుండా అలాగే కట్టి ఉంచేవాళ్ళం. తర్వాతి పెళ్ళివాళ్ళు వస్తే పేర్లు, తేదీ మార్చి మిగతాదంతా అదే వాడేవాళ్ళం. శ్రమ తగ్గేది. మార్చిన వరుసలు చూస్తే చాలు, మిగతావి ఒకసారి చూసినవే కదా అని నాన్న పెట్టిన పద్ధతి. తళిలో ఒక రైతు కూతురి పెళ్ళికి అలాగే చేశాం. అంతకుముందు పెళ్ళి మత్తూరులో జరిగింది. పేర్లు మారాయి, తేదీ మారింది. ఊరు మారలేదు. తళిలో జరిగే పెళ్ళికి కార్డు మత్తూరుకు రమ్మని పిలిచింది.

ఊళ్ళోవాళ్ళకు ఇబ్బంది లేదు, వాళ్ళకు నోటిమాటగానే తెలుసు. పెళ్ళికూతురి మేనమామ కోలారులో పనిచేసేవాడు. ఆయనకు పోస్టులో కార్డు ఒకటే చేరింది. పెళ్ళికొడుకు వాళ్ళది మత్తూరు పక్కే కావడంతో అనుమానం రాలేదు, నేరుగా అక్కడే బస్సు దిగాడు. ఇక్కడ తళిలో పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టుకుని పీటల మీదికి తేవాల్సిన మనిషి ఆయనే. ముహూర్తం మించిపోతోందని ఎవరో దూరపు చుట్టం తెచ్చాడట. మూడోనాడు పిల్ల తండ్రి ప్రెస్సుకు వచ్చాడు. ఆయన కేకలు వేసి ఉంటే బాగుండేది.

"మా బామ్మర్ది కొత్త పంచె కట్టుకోని మత్తూరంతా తిరిగినాడప్పా, పెండ్లి యాడ, పెండ్లి యాడ అని. నా బిడ్డ బుట్టలో కూచోని ఏడిచింది. అంతే, చెప్పిపోదామని వచ్చినాను" అని గడప దిగి వెళ్ళిపోయాడు.

నాన్న అక్షరాలు పేర్చిన కంపోజిటరును చూడలేదు, తన పద్ధతినీ చూడలేదు. వదిన వైపు చూశారు. "ఆడవాళ్ళను ప్రెస్సులో కూచోబెట్టింది నా బుద్ధితక్కువ. ఇంక నువ్వు ప్రూఫులు ముట్టొద్దు" అన్నారు.

"మార్చిన వరుసలు చూసినాను మామా, మార్చాల్సింది చూడలేదు. తప్పు నాదే" అంది వదిన. "అయితే ఆడదాన్ని కాబట్టి జరగలేదు. ఎట్ల చూడాలో ఎవరూ నేర్పలేదు కాబట్టి జరిగింది. నేర్చుకుంటాను."

"చూసేదానికి నేర్చుకునేది ఏముంది? కండ్లుండాయి, అక్షరాలొచ్చును."

"చేతులుండేవాళ్ళంతా వంట చేస్తారా మామా?" అంది. నాన్న ఆ రోజు అన్నం తినకుండా లేచారు. ఆమె మాత్రం కడుపునిండా తింది. నాకూ వడ్డించింది.

ఆ తర్వాత వదిన ఎక్కడెక్కడ వాకబు చేసిందో మీకు చెప్పినా నమ్మరు. ఇంకు డబ్బాలు తెచ్చే ఏజెంటును అడిగింది. అచ్చులు అమ్మే బెంగళూరు మనిషిని అడిగింది. బడికి పుస్తకాలు తెచ్చే అయ్యవారిని అడిగింది. ప్రూఫు చూడడం నేర్పే చోటు ఒకటి ఉంటుందని వాళ్ళలో సగంమంది వినికూడా ఎరుగరు. మద్రాసులో ఉంది కానీ ఏడాది పాటు. సేలంలో ఎవరో పోస్టులో పాఠాలు పంపుతారు కానీ అంతా ఇంగ్లీషు. చివరికి బెంగళూరులో ప్రెస్సువాళ్ళు కొందరు కలిసి రెండు వారాల తరగతులు నడుపుతున్నారని తెలిసింది. నేర్పేది కన్నడంలో. అది ఆమెకు అడ్డం కాలేదు. మా ఊళ్ళో అందరికీ మాట్లాడడం వస్తుంది, తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు కాస్త కష్టపడితే కన్నడం చదవగలరు. అడ్డం వేరే ఉంది. ఏదైనా ప్రెస్సు యజమాని, "ఈ మనిషి మా పనివారు, మేము పంపుతున్నాం" అని సంతకం పెట్టాలి.

నాన్న పెట్టనన్నారు. మా అన్న తల వంచుకున్నాడు. అన్న మంచివాడే, కానీ నాన్న ముందు ఆయనకు మాట పెగలదు.

వదిన మరునాడు కృష్ణగిరి బస్సెక్కింది. పుట్టింటికి పోతుందని అందరూ అనుకున్నారు. పోయింది, కానీ పుట్టింటి వీధి చివర ఉన్న ప్రెస్సుకు. దాని యజమాని అరవం మాట్లాడే పెద్దాయన, మా నాన్నకు వ్యాపారంలో పోటీ. ఆయన విషయమంతా విని, "మీ మామను ఎరుగుదునమ్మా. ఆయన కోపాన్నీ ఎరుగుదును. సంతకం యాడ పెట్టాల, చూపించు" అన్నారట. దానికి ఒకటే షరతు పెట్టారు. నేర్చుకుని వచ్చాక నెలకొకసారి వచ్చి తన పనివాళ్ళకూ అది చెప్పాలి.

తెలిసిన రోజు ఇంట్లో చిన్న తుపానే వచ్చింది. హోసూరు ప్రెస్సు కోడలు కృష్ణగిరి ప్రెస్సు కూలిమనిషిగా బెంగళూరు పోవడమా? "నా పరువు తీసినావు" అన్నారు నాన్న.

"మీరు పంపింటే మీ మనిషిగానే పోయుందును మామా" అంది వదిన, ఆయనకు కాఫీ ఇస్తూనే. ఆ కాఫీ చల్లారిపోయింది.

పొద్దున్నే బస్సులో పోయి సాయంత్రం వచ్చేది. మొదటి రోజు అక్కడ ఆడవాళ్ళకు కూర్చోవడానికి ఏర్పాటు లేదన్నారట. "గడప దగ్గర కూచుంటా సార్, ఈడికి కూడా వినబడతాది" అని నేల మీద కూర్చుందట. రెండు రోజుల తర్వాత ఎవరో స్టూలు తెచ్చి వేశారు. మొదటి పరీక్షలో ఆమె అందరికంటే వెనకబడింది. ఇంటికొచ్చి నాతో పడిపడి నవ్వింది. "ఏమ్మే, నా పక్కన మైసూరు నుంచి వచ్చినాయన కూచున్నాడు. నాకు కనబడనివన్నీ ఆయనకు కనబడతాయి. నాకు కత కనబడతా ఉంది, అచ్చు కనబడలే" అంది. నవ్వింది గానీ, ఆ సాయంత్రం అన్నం వండుతూ బియ్యం సంచి మీది రాతను కింది నుంచి పైకి చదువుతూ ఉండడం నేను చూశాను.

అదే వాళ్ళు నేర్పింది. కింది వరుస నుంచి పైకి రావాలి, అప్పుడు కథ మనల్ని లాక్కుపోదు. చూసే వరుస తప్ప మిగతాది అట్టముక్కతో కప్పాలి. ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు వేరుగా మరోసారి చూడాలి. పాత అచ్చును కొత్తదానిలాగే మొదటినుంచీ చూడాలి. వదిన వరుసలు కప్పడానికి తళి పెళ్ళి కార్డునే సన్నగా కత్తిరించి పెట్టుకుంది. "అది పారెయ్యి వదినా, చూసినప్పుడల్లా బాధ కదా" అన్నాను. "బాధ కాదు, నాకు అదే గురువు" అంది.

ఆమె తిరిగొచ్చాక నాన్న "ముట్టొద్దు" అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అంతమాత్రాన ఆమె ఆగనూ లేదు. ప్రూఫులు ఆమె ముందుకు వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు. కాకపోతే ఇప్పుడు మార్చిన వరుసలే ఇస్తే వెనక్కి పంపేది. "మొత్తం ఇయ్యండి, లేకపోతే మీరే చూసుకోండి" అనేది. అక్షరాలు విప్పకుండా కట్టిపెట్టే అలవాటు మా ప్రెస్సులో అలా పోయింది. ఎవరూ పోయిందని చెప్పలేదు, అంతే.

కృష్ణగిరి పెద్దాయనకు ఇచ్చిన మాట ప్రకారం నెలకొకసారి పోయి వచ్చేది. అక్కడ ఇద్దరు ఆడపిల్లలు నేర్చుకున్నారు. కృష్ణగిరి పక్కనే ఉన్న పోచంపల్లి నుంచి ఒకామె, సంతరోజు పని మానుకుని వచ్చేదట. అది చూసి వదినకు పట్టుదల పుట్టింది. "నేను బెంగళూరు దాకా పోవాల్సొచ్చింది. గడప దగ్గర కూచోవాల్సొచ్చింది. ఇంకొకతె ఎందుకు కూచోవాల?" అంది. హోసూరులో ఆదివారం ఆదివారం, నెల రోజుల తరగతి పెడతానంది. పనివాళ్ళు ఎక్కువ రోజులు రాలేరు కాబట్టి అంతకంటే పొడుగు వద్దంది.

నాన్న చోటు లేదన్నారు. వదిన ప్రెస్సు ముందు వీధి అరుగు మీద చాప వేసింది. నలుగురు ఆడవాళ్ళు రోడ్డు వైపు తిరిగి గట్టిగా చదువుతూ కూర్చున్నారు. చదవడమంటే కామాలు, చుక్కలు, కొత్త పేరాలు అన్నీ నోటితో చెబుతూ చదవడం. బస్సు కోసం నిలబడినవాళ్ళంతా ఇటే చూశారు. ఒకాయన నాన్నను, "ఏమప్పా, మీ ఇంట్లో ఏమి వ్రతం?" అని అడిగాడు. మూడో ఆదివారానికి నాన్న కాగితం కట్టలు పెట్టుకునే గది ఖాళీ చేయించారు. వదిన థాంక్స్ చెప్పలేదు. చాప మాత్రం లోపలికి తీసుకుపోయింది.

ఆ గదిలో ఆమె ఏళ్ళ తరబడి నేర్పింది. మత్తూరు నుంచి, తళి నుంచి, కృష్ణగిరి నుంచి వచ్చారు. కొందరికి ప్రెస్సుల్లో పని దొరికింది, కొందరికి దొరకలేదు. దొరకనివాళ్ళ మొగుళ్ళు ఆమెను తిట్టుకున్నారు కూడా. "తిట్టుకోనీ, నేర్చుకున్నది వెనక్కి ఇమ్మంటే ఇచ్చేది కాదు కదా" అనేది. ఆమెకు కోపం వచ్చేది కూడా. నేను తొందరగా చదివితే ప్రూఫు బల్ల మీద పడేసి, "నీకు బస్సు ఉంటే పో" అనేది. పది నిమిషాలకు వేయించిన శనక్కాయలు తెచ్చి నా ముందు పెట్టేది. వదినా మరదళ్ళ సంగతి అంతే, పోట్లాట ఒక చేత్తో, శనక్కాయలు ఇంకో చేత్తో.

ఆమె లేని ఇల్లు నాకు బాగాలేదు. దీనికి చుట్టూ తిప్పి చెప్పాల్సింది ఏమీ లేదు. ఎదురుగా ఎవరూ లేకుండా రాతప్రతి పట్టుకుంటే నా గొంతు లేవడం లేదు.

కర్మలన్నీ అయ్యాక మొన్న ఆదివారం ప్రెస్సుకు పోయాను. ఆ గదిలో కాగితం కట్టలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. నాన్న చేయించారు. ముగ్గురు ఆడవాళ్ళు గడప అవతల నిలబడి ఉన్నారు, అందులో తళి నుంచి వచ్చిన ఒక అమ్మాయికి అది మొదటి రోజు. ఆమెకు వదిన పోయిన సంగతి కూడా బస్సు దిగాకే తెలిసింది.

"నేర్పించే ఆయమ్మే లేదు, ఇంక బడి ఏముందమ్మా. పోయి రండి" అంటున్నారు నాన్న.

"నేనుండాను నాయనా" అన్నాను.

"నువ్వు చదివేదానివి. నేర్పేదానివి కాదు."

"ఆమె కూడా నేర్పేదిగా పుట్టలేదు" అన్నాను. మా నాన్నకు నేను నోరు తెరిచి ఎదురు చెప్పడం అదే మొదలు. ఒక కాగితం కట్ట ఎత్తబోయాను. బరువుకు వంగిపోయాను. ఆ ముగ్గురిలో కృష్ణగిరి నుంచి వచ్చినామె రెండో కొస పట్టుకుంది. తర్వాత మిగతా ఇద్దరూ చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. కాసేపటికి మా అన్న, చేతులకంటిన మిషను నూనె తుడుచుకుంటూ వచ్చి, పెద్ద కట్ట భుజానికెత్తుకున్నాడు. అన్నీ తెచ్చి వీధి అరుగు మీద పెట్టాం.

"ఎండకు కాగితం పాడైపోతాది" అన్నారు నాన్న.

"అయితే వేరే చోటు చూపించు నాయనా. ఈ గది ఖాళీ లేదు."

చాప పరిచాను. తళి అమ్మాయి చేతికి రాతప్రతి ఇచ్చి, ప్రూఫు నేను పట్టుకున్నాను. ఆ అమ్మాయి గొంతు సవరించుకుని, భయంభయంగా, మొదటి వాక్యం గట్టిగా చదివింది. తలుపులోంచి చూస్తే, బయట ఎండలో మా నాన్న తన పైపంచె తీసి కాగితం కట్టల మీద కప్పుతున్నారు.